చుక్కల సొర పుట్టిల్లు

ట్యూనా జాతి చేప వదిలే గుడ్డు ఒక మిల్లీమీటరు ఉంటే గొప్ప. దోసిట్లోకి నీళ్లు తీసుకుని చూసినా కంటికి ఆనదు, అంత తేటగా ఉంటుంది. ఆ గుడ్డు తినడానికి లోకంలో అన్నిటికన్నా పెద్ద చేప వందల సంఖ్యలో వచ్చి చేరుతుంది. 2009 ఆగస్టులో మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పానికి అవతల, నీలి నీళ్ల మీద విమానంలో తిరిగిన పరిశోధకులకు సుమారు 18 చదరపు కిలోమీటర్ల మేరలో 420 తిమింగల సొరలు కనిపించాయి. అన్నీ నీటి పైపొరలోనే ఉన్నాయి. నోళ్లు బార్లా తెరిచి నెమ్మదిగా ఈదుతూ మేస్తున్నాయి. ఏం మేస్తున్నాయో తేల్చుకోవడానికి ఆ నీటిని వడగట్టి, దొరికిన గుడ్ల డీఎన్‌ఏ చదివారు. ఓ చిన్నరకం ట్యూనా గుడ్లు అవి. తల్లిచేపలు గుంపుగా గుడ్లు వదిలి వెళ్లిపోయిన చోటికి, ఎవరో కబురంపినట్టు ఇవి వచ్చి వాలాయి. వీటికి వాసన పట్టే శక్తి ఎక్కువని తెలుసు. అంత సముద్రంలో అంత సన్నని వాసనను వెతుక్కుంటూ రావడమే ఒక అద్భుతం.

తిమింగల సొర తిమింగలం కాదు. బిడ్డకు పాలివ్వదు, గాలి కోసం పైకి తేలదు. మొప్పలతో ఊపిరి తీసుకునే అసలు సిసలు సొరచేప. ఒంట్లో ఒక్క ఎముక ఉండదు, అస్థిపంజరమంతా మృదులాస్థే. సాధారణంగా కనిపించేవి 12 మీటర్ల లోపు. అంటే బాగా పెరిగిన చేప మన ఆర్టీసీ బస్సంత పొడవుంటుందన్నమాట. అరేబియా సముద్రంలో 2001లో దొరికిన ఒక చేప 18.8 మీటర్లు ఉన్నట్టు నమోదైంది. నమ్మదగిన కొలతల్లో అదే పెద్దది. ఇంతటి జీవిని శాస్త్రం మొదటిసారి చూసింది 1828లో. దక్షిణాఫ్రికా టేబుల్ బే దగ్గర బల్లెం పోటుకు చిక్కిన చేపను ఆండ్రూ స్మిత్ అనే సైనిక వైద్యుడు పరిశీలించి లోకానికి చెప్పాడు. ఆ తర్వాత 1980ల మధ్య దాకా, ఒకటిన్నర శతాబ్దంలో, ప్రపంచమంతటా కలిపి రాతలోకెక్కిన సందర్భాలు 350 లోపే. జాలరులు తరతరాలుగా చూస్తూనే ఉన్నారు. రాసిపెట్టేవాళ్లే ఆ నీళ్లలో లేరు.

దీని నోరు మీటరున్నర దాకా తెరుచుకుంటుంది. చాలా సొరచేపలకు మూతి కింద నోరుంటే, దీనికి ముఖానికి ఎదురుగా, అడ్డంగా ఉంటుంది. అందులో 300 వరసల పళ్లు, ఒక్కొక్కటీ చీమ తలంత. ఆ పళ్లతో కొరకదు, నమలదు. తిండి సంపాదించిపెట్టేవి పళ్లు కావు, గొంతు దగ్గర నీళ్లకు అడ్డంగా అమరి ఉన్న 20 వడపోత పలకలు. వాటి రంధ్రాలు సగటున 1.2 మిల్లీమీటర్లు. మరి అంతకన్నా చిన్న గుడ్లూ, రొయ్యల జాతి సూక్ష్మజీవులూ జారిపోవాలి కదా? పోవు. నీళ్లు ఆ పలకల్లోకి సూటిగా దూసుకుపోకుండా వాటి మీదుగా ఏటవాలుగా పారుతాయి. నీరు పక్కకు తప్పుకుని మొప్పల గుండా బయటికి పోతుంది. తిండి మాత్రం ముందుకు కొట్టుకొచ్చి గొంతు వెనక ముద్దగా చేరుతుంది. అప్పుడు మింగుతుంది. పలకల మీద ఏదైనా అడ్డుపడితే ఒక్కసారి దగ్గి వదిలించుకుంటుంది. నీళ్లలో చేప దగ్గడం చూసినవాళ్లు ఆ క్షణాన్ని మరిచిపోలేరు. యుకటాన్ తీరంలో లెక్క కట్టినవారి అంచనా ప్రకారం, ఆరు మీటర్లు దాటిన చేప గంటలో 6 లక్షల లీటర్లకు పైగా నీటిని ఇలా వడకడుతుంది. రోజులో గంటల తరబడి అదే పని.

మాంసాహారి అని ముద్ర వేసిన ఈ చేప ఆకుకూర కూడా తింటుందని 2022లో తేలింది. ఆస్ట్రేలియాలోని నింగలూ తీరంలో దీని మలాన్నీ చర్మాన్నీ పరీక్షించిన మార్క్ మీకన్ బృందం, నీటి మీద తేలే సర్గాసం అనే నాచును ఇది మింగడమే కాదు, అరిగించుకుంటోందని కూడా కనిపెట్టింది. సూక్ష్మజీవులను నోటినిండా పట్టే జీవికి నాచు ఎలాగూ తప్పదు. తప్పనిదాన్ని ఒంటికి పట్టించుకోవడం యుగాల మీద అలవడిన విద్య.

కళ్ల సంగతి ఇంకా చిత్రం. తలకు రెండు వైపులా అంచున, ఆ శరీరానికి నప్పనంత చిన్న కళ్లు. రెప్పలు లేవు. 2020లో ఒకినావా అక్వేరియం పరిశోధకులు దగ్గరగా చూస్తే, నల్లగుడ్డు చుట్టూ కంటి మీదనే సూక్ష్మమైన పొలుసులు కనిపించాయి. ఒక్కో కంటికి మూడు వేలకు దగ్గరగా. సొరచేప ఒంటి పొలుసులు పంటికి చుట్టాలే. అదే గట్టిదనం, అదే పింగాణీ పూత. అంటే ఈ చేప కంటికి కవచంగా పళ్లే మొలిచాయి. చాలదన్నట్టు, ప్రమాదం తోస్తే కనుగుడ్డును వెనక్కి గుంటలోకి లాక్కోగలదు. చూపు తక్కువ గనుక కంటితో పనిలేదని ఇంతకాలం అనుకున్నాం. పనిలేని దానికి ప్రకృతి ఇంత కాపలా పెట్టదు.

ఈత విషయంలో ఇది తొందరపడదు. గంటకు 3 నుంచి 5 కిలోమీటర్లు, మనిషి నడకంత. నీటికన్నా ఒళ్లు కాస్త బరువు. అందుకే తోక ఆడించకుండానే ఏటవాలుగా కిందికి జారుతుంది, తిరిగి తోకతో కష్టపడి పైకెక్కుతుంది. ఇలా జారుతూ ఎక్కుతూ శక్తి మిగుల్చుకుంటుంది. ఒక చేప ఒంటికి కట్టిన పరికరం 1,928 మీటర్ల లోతును నమోదు చేసింది. వెలుగు చొరబడని, నీళ్లు చల్లబడిన చోటు అది. అంత కిందికి ఎందుకు వెళ్తుందో, అక్కడ ఏం తింటుందో ఎవరూ చూడలేదు. పైకొచ్చాక చాలాసేపు ఎండపొరలోనే ఉండి ఒళ్లు వెచ్చబెట్టుకుంటుంది. ఈ అలవాటే తర్వాత దీని ప్రాణం మీదికి తెచ్చింది. ఆ మాట ముందుకు వెళ్లాక.

ముదురు బూడిద రంగు వీపు మీద తెల్లని చుక్కలు, వాటి మధ్య అడ్డంగా నిలువుగా లేత గీతలు. ఏ రెండు చేపల చుక్కలూ ఒకలా ఉండవు. పుట్టినప్పటి అమరికే జీవితాంతం నిలుస్తుంది. ఈ సంగతిని పట్టుకుని బ్రాడ్ నార్మన్ అనే సముద్ర జీవశాస్త్రవేత్త, జేసన్ హోంబర్గ్ అనే ప్రోగ్రామర్, జావెన్ ఆర్జుమానియన్ అనే ఖగోళ శాస్త్రవేత్త కలిశారు. ఆకాశం ఫొటోల్లో ఒకే నక్షత్ర సమూహాన్ని గుర్తుపట్టడానికి 1980లలో ఎడ్వర్డ్ గ్రోత్ తయారుచేసిన గణిత పద్ధతి అప్పటికే హబుల్ టెలిస్కోపు చిత్రాలకు వాడుకలో ఉంది. చుక్కలను మూడేసి చొప్పున కలిపి త్రిభుజాలు గీసి, ఆ త్రిభుజాల ఆకారాలను పోల్చే పద్ధతి. 2005లో ఆ ముగ్గురూ దాన్ని చేప వీపు మీదికి దించారు. మొప్పల వెనక ఎడమ పక్క ఫొటో ఒక్కటి తీస్తే చాలు, పదేళ్ల కిందట మరో సముద్రంలో తీసిన ఫొటోతో కంప్యూటరు సరిపోల్చి చెబుతుంది. చేపను పట్టుకోనక్కర్లేదు, పొడవనక్కర్లేదు. సెలవుల్లో ఈతకు దిగిన పర్యాటకుడి కెమెరా కూడా పరిశోధనకు పనికొస్తోంది. ఇలా గుర్తుపట్టిన చేపల జాబితా ఇప్పుడు 10 వేలు దాటింది.

మన తీరానికీ ఆ జాబితాతో ఒక పేగుబంధం ఉంది. 2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి బీచ్‌లో ఒక తిమింగల సొర ఇసుకలోకి కొట్టుకొచ్చి చిక్కుకుంది. రెండు టన్నుల బరువు. కబురందుకున్న అటవీశాఖ సిబ్బంది, వన్యప్రాణి ప్రేమికులు, ఊరి మత్స్యకారులు అలల్లో దిగి దాన్ని మళ్లీ లోతు నీళ్లలోకి పంపించారు. అది ప్రాణాలతో ఈదుకుంటూ వెళ్లింది. దాని ఫొటోలను, అంతకు ముందు ఎక్కడైనా కనబడిందేమో తెలుసుకోవడానికి, మాల్దీవుల తిమింగల సొరల పరిశోధన కార్యక్రమానికి పంపుతామని అధికారులు చెప్పారు. తంతడి ఇసుక మీద దొర్లిన చేప ఊరు పేరూ మాల్దీవుల పగడపు దీవుల్లో వెతకాల్సి రావడం వింతగా తోచవచ్చు. ఈ చేపకు మాత్రం ఆ దూరం ఒక లెక్కలోది కాదు. పనామాలో 2011లో పరికరం కట్టిన ఆన్ అనే ఆడ సొర 841 రోజుల్లో 20 వేల కిలోమీటర్లు దాటి, పసిఫిక్ అవతలి వైపున మరియానా అగాధం దగ్గర తేలింది.

ఇన్ని తెలిసినా, తెలియని పెద్ద సంగతి ఒకటి మిగిలిపోయింది. దీని కాన్పును చూసిన మనిషి లేడు. జత కట్టడం గురించి కూడా తెలిసింది అతి తక్కువ.

1953లో మెక్సికో సింధుశాఖలో ఒక వలలో పడిన గుడ్డుతిత్తిలో బతికి ఉన్న పిల్ల కనబడింది. దాంతో చాలాకాలం ఇది గుడ్లు పెట్టే చేప అనుకున్నారు. 1995లో తైవాన్‌లో వేటగాళ్లు చంపి ఒడ్డుకు తెచ్చిన 10.6 మీటర్ల ఆడ చేప ఆ అభిప్రాయాన్ని చెరిపేసింది. దాని కడుపులో సుమారు 300 పిల్లలు ఉన్నాయి. కొన్ని ఇంకా తిత్తుల్లోనే ఉన్నాయి, కొన్ని వాటిని చీల్చుకుని బయటికొచ్చి పుట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. అంటే తల్లి గుడ్లను కడుపులోనే పొదిగి, పిల్లలను ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా కంటుందన్నమాట. ఏ సొరచేప కడుపులోనూ అన్ని పిల్లలు అంతకు ముందు కనబడలేదు. ఆ పిల్లల్లో 29 నమూనాలకు 2010లో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే అన్నిటికీ తండ్రి ఒక్కడే. ఒకసారి కలిసిన మగవాడి బీజాన్ని తల్లి నెలల తరబడి దాచుకుని, కావలసినప్పుడు వాడుకుంటుందని దానివల్ల ఊహించారు. చూలుతో ఉన్న తిమింగల సొర గురించి మనకున్న జ్ఞానంలో చాలా భాగం ఆ ఒక్క తల్లి చావు నుంచి వచ్చింది. ఆ మాట రాసేటప్పుడు చేయి ఆగుతుంది.

ఆ పిల్లలు ఎక్కడ పెరుగుతాయి? మాల్దీవుల్లో, నింగలూలో, ఫిలిప్పీన్స్‌లో, ఏటేటా గుంపుకట్టే చోట్లన్నిటా కనిపించేవి ఎక్కువగా కుర్ర మగచేపలే. గలాపగోస్ దీవుల్లో డార్విన్ దీవి దగ్గర మాత్రం పెద్ద ఆడచేపలు, ఉబ్బిన పొట్టలతో తిరుగుతాయి. చూలుతో ఉన్నాయనే చాలాకాలం నమ్మారు. ఈతగాళ్లు నీళ్లలో దిగి, ఈదుతున్న చేప పొట్ట మీద అల్ట్రాసౌండ్ పరికరం పెట్టి చూస్తే లోపల పిల్లల జాడ లేదు. మళ్లీ ప్రశ్న మొదటికొచ్చింది. అప్పుడప్పుడూ దొరికే ఆనవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవి. ఫిలిప్పీన్స్‌లో 2009లో ఎవరో తోకకు తాడు కట్టి గుంజకు ఉంచిన అర మీటరు కూడా లేని పసిపిల్ల. మారిషస్ దగ్గర పట్టిన ఓ మార్లిన్ చేప కడుపులో మరో పిల్ల. 2013లో గుజరాత్‌లోని సూత్రాపాడా దగ్గర వలలో చిక్కిన, మీటరైనా లేని ఇంకో పిల్ల.

ఇవి పెద్దవి కావడానికి పట్టే కాలం తలచుకుంటే భయం వేస్తుంది. 1950, 60లలో దేశాలు పోటీపడి పేల్చిన అణుబాంబుల వల్ల గాలిలో, ఆపైన సముద్రంలో, కార్బన్-14 ఒక్కసారిగా పెరిగింది. ఆ కాలంలో పెరిగిన ప్రతి జీవి ఒంటిలోనూ దాని గుర్తు ఉంది. తిమింగల సొర వెన్నుపూసల్లో చెట్టు మానులో ఉన్నట్టు వలయాలుంటాయి. ఆ వలయాల్లో ఈ కార్బన్‌ను కొలిచి, ఒక్కో వలయం ఒక్కో ఏడాదిదని 2020లో నిర్ధారించారు. పాకిస్తాన్ తీరంలో దొరికిన ఒక చేపకు అలా 50 ఏళ్లని తేలింది. పిల్లలను కనే ఈడు రావడానికే పాతికేళ్లు దాటాలి. మనిషి ఇల్లు కట్టి, పిల్లలను పెంచి, మనవలను ఎత్తుకునేంత కాలం ఈ చేప కన్యగానే తిరుగుతుంది. అలాంటిదాన్ని ఏడాదికి కొన్ని వందల చొప్పున చంపుతూ పోతే ఏం మిగులుతుంది?

ఆ పని జరిగింది గుజరాత్‌లోని సౌరాష్ట్రలో. వేరావల్, మంగరోళ్, సూత్రాపాడా, పోరుబందరు, ఓఖా. ఖంభాత్ నుంచి కచ్ దాకా సాగే ఆ తీరంలో ఎండాకాలం మొదలయ్యే వేళకు తిమింగల సొరలు ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. పాతకాలంలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. దాని కాలేయం నుంచి తీసిన నూనెను కొయ్యపడవలకు పూస్తే నీళ్లు చొరవవని తెలిశాక కొద్దిగా వేట సాగింది. 1990లలో పరిస్థితి మారింది. తైవాన్‌లో దాని తెల్లని మెత్తని మాంసానికి గిరాకీ పెరిగింది. విదేశీ కొనుగోలుదారుల డబ్బు వేరావల్ రేవుకు చేరింది. బోటు ముందు నిలబడి, పైపొరలో నిదానంగా ఈదుతున్న చేప మీద పెద్ద ఇనుప కొక్కేన్ని విసిరేవారు. కొక్కేనికి తాడు, తాడుకు ప్లాస్టిక్ పీపాలు. చేప కిందికి మునుగుదామంటే పీపాలు మునగనివ్వవు. గంటల తరబడి లాగి లాగి అలిసిపోయాక తాళ్లు బిగించి ఒడ్డుకు ఈడ్చుకొచ్చేవారు. కొన్ని ఇంకా ప్రాణంతోనే ఉండేవి. రేవు నీళ్లు ఎర్రబారేవి. ఆ చేపను అక్కడివాళ్లు పీపా పేరుతో బ్యారెల్ అనే పిలిచేవారు.

మైక్ పాండే అనే చిత్ర దర్శకుడు ఆ దృశ్యాలను కెమెరాలో పట్టాడు. 2000లో వచ్చిన ఆయన డాక్యుమెంటరీ షోర్స్ ఆఫ్ సైలెన్స్, హరిత ఆస్కార్‌గా పేరున్న పాండా పురస్కారాన్ని అందుకుంది. ఢిల్లీలో కదలిక వచ్చింది. 2001 మేలో తిమింగల సొరను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికీ ఏనుగుకీ ఉన్న రక్షణ ఒక చేపకు దక్కడం ఈ దేశంలో అదే మొదటిసారి. మరుసటి ఏడాది అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందంలోని రెండో అనుబంధంలోకీ ఎక్కింది.

చట్టం వచ్చిందిగానీ వేరావల్ మత్స్యకారుడికి ఆ కబురే సరిగా అందలేదు. అందినా, లక్షల రూపాయల చేపను వదలమంటే ఎందుకు వదులుతాడు? అప్పుచేసి బోటు కట్టినవాడు. సముద్రంలో కాపలాకు పోలీసు ఉండడు. ఇక్కడే సౌరాష్ట్ర కథ మిగతా కథలకు దూరంగా జరుగుతుంది.

2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీశాఖ, టాటా కెమికల్స్ కలిసి ఒక ప్రచారం మొదలుపెట్టాయి. రామకథ చెప్పే మొరారి బాపును సాయం కోరాయి. గుజరాత్‌లో ఆయన మాటంటే ఇంటి పెద్ద మాట. ఆయన చట్టం సెక్షన్లు వల్లించలేదు. ఈ చేప మన ఒడ్డుకు పురిటికి వస్తోంది, ఆడపిల్ల పుట్టింటికి వచ్చినట్టు వస్తోంది, గడప తొక్కిన బిడ్డను చంపుకుంటామా అన్నాడు. గుజరాతీలో ముద్దుబిడ్డను పిలిచే వ్హాలీ అన్న మాటే దాని పేరైంది. చేపంత పొడవున్న గాలి బొమ్మను ఊరూరా తిప్పారు. వీధి నాటకం ఆడారు. అందులో ఒక మత్స్యకారుడి కూతురు నిండు చూలాలుగా పుట్టింటికొస్తుంది. తండ్రి చేప వేటకు బయల్దేరుతుంటే, తనలాగే పురిటికి వచ్చినదాన్ని ఎలా చంపుతావని అడ్డుపడుతుంది. ఆ కన్నీళ్ల దగ్గర ఖార్వా మత్స్యకారుల పేటల్లో మగవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. పోరుబందరు మొదలుకొని ఒక్కో పట్టణం ఈ చేపను తమ ఊరి చిహ్నంగా ఎంచుకుంది. కొక్కేలు విసిరిన చేతులే వలలు కోయడం మొదలుపెట్టాయి.

అవును, కోయడమే. వేట ఆగినా చేప వలలో పడడం ఆగదు. చిన్న చేపల గుంపు వెనకే ఇదీ వస్తుంది. ఇంత పెద్ద చేప చిక్కుకుంటే వలను కోసి విడిపించడం తప్ప దారి లేదు. వల అంటే మత్స్యకారుడికి ఏడాది బతుకు. అందుకే కోసిన వలకు అటవీశాఖ 25 వేల రూపాయల దాకా సాయం ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట్లో అధికారి వచ్చి కళ్లారా చూస్తేగానీ సాయం వచ్చేది కాదు. ఆయన పడవెక్కి వచ్చేదాకా చేప వలలోనే పెనుగులాడేది. తర్వాత బోట్లకే కెమెరాలు ఇచ్చారు. వల కోసి వదిలేస్తున్న ఫొటో తీసి చూపిస్తే చాలు. మత్స్యకారుడి మాటను నమ్మిన ఆ ఒక్క నిర్ణయంతో గంటలు పట్టే విడుదల నిమిషాల్లోకి వచ్చింది. ఇప్పటిదాకా ఆ తీరంలో అలా వదిలిన తిమింగల సొరలు వందలు దాటి వెయ్యి దగ్గరికొచ్చాయి.

బాపు మాటలో శాస్త్రం ఎంత అని అడిగేవాళ్లున్నారు. సౌరాష్ట్ర నీళ్లలో కాన్పు జరగడం ఎవరూ చూడలేదన్నది నిజం. సూత్రాపాడా పసిపిల్ల మాత్రం దొరికింది. పుట్టిన చోటు ఎంతో దూరంలో లేదని ఆ పిల్ల ఒళ్లే చెబుతోంది. తీరం ఆ చేపను ముందు కూతురిగా ఒప్పుకుంది, రుజువు తొమ్మిదేళ్ల తర్వాత వలలోకి వచ్చింది. నాకు ఆ క్రమం నచ్చింది. పూర్తి రుజువు చేతికందేదాకా ఆగి ఉంటే ఆ తొమ్మిదేళ్లలో ఎన్ని తల్లులు రేవుకెక్కేవో.

అన్నిచోట్లా ప్రేమ ఇలా దారిన పడలేదు. ఫిలిప్పీన్స్‌లోని ఓస్లోబ్‌లో 2011 నుంచి చిన్న రొయ్యలు చేత్తో తినిపించి సొరలను రోజూ పర్యాటకులకు చూపిస్తున్నారు. ఊరికి డబ్బొచ్చింది. చేపలకు పడవను చూస్తే దగ్గరికి వెళ్లే అలవాటు అయింది, ఒళ్లంతా గాట్లు పడ్డాయి. నింగలూలో పద్ధతి వేరు. ఒక చేప దగ్గర ఒకసారికి పదిమందికి మించి నీళ్లలో దిగకూడదు, ఒంటికి 3 మీటర్లు, తోకకు 4 మీటర్ల దూరం ఉండాలి, ముట్టుకోవడం నేరం.

అయితే ఈ కాలంలో దీని ప్రాణం తీస్తున్నది కొక్కెం కాదు, చేయి కాదు. ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికీ మేయడానికీ అది నిలిచే పైపొరలోనే ప్రపంచ వాణిజ్యమంతా నడుస్తోంది. 2022లో ఫ్రేయా వోమర్స్‌లీ, డేవిడ్ సిమ్స్ తదితరులు వందలాది చేపలకు కట్టిన ఉపగ్రహ పరికరాల సమాచారాన్ని పెద్ద ఓడల దారులతో పోల్చి చూశారు. చేపలు తిరిగే చోట్లలో 90 శాతానికి పైగా ఆ ఓడల దారుల మీదే ఉన్నాయి. కొన్ని పరికరాలు రద్దీ దారుల్లోనే మూగబోయాయి. కొన్నింట్లోనైతే ఓడ దారి దాటాక చేప కదలక మెల్లగా అడుగుకు దిగిపోయినట్టు లోతుల లెక్క నమోదైంది. చచ్చిన తిమింగల సొర నీటిపై తేలదు, మునిగిపోతుంది. అందుకే ఇన్నేళ్లూ ఈ చావులను ఎవరూ లెక్కపెట్టలేదు. గత 75 ఏళ్లలో వీటి సంఖ్య సగానికి పైగా పడిపోయిందని అంచనా వేసి, 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలోకి మార్చింది. ఓడల కెప్టెన్లకు చేయగలిగినది ఉంది. చేపలు గుంపుకట్టే చోట్లు, రుతువులు ఇప్పుడు తెలుసు. అక్కడ వేగం తగ్గించాలి, లేదా కొంచెం చుట్టు తిరగాలి.

వేరావల్ బోట్ల మీద పనికి వెళ్లేవాళ్లలో మన శ్రీకాకుళం, విజయనగరం తీరపు పల్లెల వాళ్లు చాలామంది. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుని కరాచీ జైల్లో పెట్టి, 2020 జనవరిలో వదిలిన మత్స్యకారులు అలా వలస వెళ్లినవారే. ఇంట్లో పూట గడవక దేశం అవతలి ఒడ్డుకు వెళ్లి చేసే పని అది. వ్హాలీ తిరిగే నీళ్లలో వేట చేసి బతికే చేతుల్లో తెలుగు చేతులూ ఉన్నాయి. వల పోతే వచ్చే నష్టమేమిటో, కోసిన వలకు సాయం ఎలా అందుతుందో ఆ ఒడ్డున పనిచేసి వచ్చినవాళ్లను అడిగితే తెలుస్తుంది. మన అధికారులు వాళ్లను కూర్చోబెట్టుకుని అడగాలి.

ఎందుకంటే బంగాళాఖాతంలోనూ ఇవి తిరుగుతాయి. తంతడిలో ఒడ్డుకొచ్చింది గనుక చూశాం. లోతు నీళ్లలో రాత్రిపూట వలలో పడినదాన్ని చూసేది సరంగు ఒక్కడే. కోయాలా, లాగాలా అన్నది అతని చేతిలో కత్తి ఉన్న ఆ నిమిషంలో తేలుతుంది. చట్టం పేరు చెప్పి బెదిరిస్తే అతను చేపను వదలడు, సంగతిని దాస్తాడు. వల ఖరీదు తిరిగి వస్తుందని నమ్మకం ఉంటే కోస్తాడు, ఫొటో కూడా తీస్తాడు. ఆ ఫొటోలో ఎడమ పక్క మొప్పల వెనక చుక్కలు స్పష్టంగా పడితే, ఆ చేప ఇంతకు ముందు ఏ సముద్రంలో కనబడిందో వెతికే వీలు కూడా చిక్కుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ మనుషులు రేవులోనే ఉంటారు. భావనపాడు నుంచి కృష్ణపట్నం దాకా ప్రతి రేవులోనూ కూర్చుని ఈ మాట చెప్పడానికి, కోసిన వలకు ఎంత ఇస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో రాతపూర్వకంగా వాళ్ల చేతిలో పెట్టడానికి ఆ 61 రోజులు చాలు.